‘ఫ్రీరెన్’ అనిమేలో మంత్రవ్యవస్థ: శక్తి, ఊహ, పరిశోధన

ఉపోద్ఘాతం:
కనెహితో యమద రచన, త్సుకాసా అబె చిత్రాలతో 2020లో ‘వీక్లీ షోనెన్ సండే’ పత్రికలో ప్రారంభమైన జపనీస్ మాంగా ‘సోసో నో ఫ్రీరెన్’. మ్యాడ్‌హౌస్ సంస్థ నిర్మించిన దీని అనిమే ప్రసారం 2023 సెప్టెంబరులో మొదలైంది. వేయేళ్లకు పైగా జీవించిన ఎల్ఫ్ జాతి మాంత్రికురాలు ఫ్రీరెన్ ఇందులో కథానాయిక. ఈ కథాలోకంలో మంత్రం కేవలం అద్భుతరస సాధనం కాదు, నియమబద్ధమైన విద్య. ఆ విద్యలో బలానికీ అవగాహనకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

1. మాయాశక్తి – ప్రదర్శన, నిగ్రహం:
మంత్రప్రయోగానికి మూలం ‘మర్యోకు’, అనగా మాయాశక్తి. ఇది సాధనతో పెరుగుతుంది. దేహం నుండి వెలువడుతూ ఇతర మాంత్రికులకు గోచరిస్తుంది. రాక్షసజాతికి ఇదే హోదా, ఇదే పరువు. కనుక దానిని దాచుకోవడం వారి ఊహకు అందదు. ఫ్రీరెన్ మాత్రం గురువు ఫ్లమ్మె బోధను అనుసరించి తన శక్తిలో స్వల్పభాగమే బయటపడేలా నిరంతరం నిగ్రహిస్తుంది. ఔరా అనే రాక్షసి ప్రయోగించే త్రాసు ఇద్దరి ఆత్మలను తూస్తుంది. మాయాశక్తి తక్కువైనవారు రెండవవారికి దాసులవుతారు. పైకి కనిపించిన కొలతను నమ్మిన ఔరా తన మంత్రానికే తాను బందీ అవుతుంది.

2. ఊహ – మంత్రానికి హద్దు:
మాంత్రికులు ఊహించలేనిది మంత్రంతో సాధ్యం కాదన్నది ఈ వ్యవస్థలోని మూలసూత్రం. ఊబెల్ అనే యువతి తాను కోయగలనని భావించిన దేనినైనా కోయగలదు. అభేద్యమని పేరొందిన పరీక్షాధికారి పైవస్త్రం ఆమె దృష్టికి గుడ్డ మాత్రమే. గుడ్డ తెగుతుందన్న సహజమైన అనుభవం ముందు దానిని కాపాడే మంత్రాలన్నీ నిష్ఫలమయ్యాయి.

3. పరిశోధన – విద్యగా మారిన ఆయుధం:
క్వాల్ అనే రాక్షసుడు సృష్టించిన ‘జోల్ట్రాక్’ మంత్రం నాటి రక్షణలన్నింటినీ ఛేదించేది. అతడు బంధితుడై ఉన్న 80 ఏళ్లలో మానవులు దానిని విశ్లేషించి, రక్షణమంత్రాన్ని రూపొందించి, చివరకు దానినే సాధారణ దాడిమంత్రంగా స్వీకరించారు. అయితే ఆ రక్షణకు మాయాశక్తి అధికంగా ఖర్చవుతుందని క్వాల్ చూసిన వెంటనే గ్రహిస్తాడు. భారతీయ ఇతిహాసాల్లో దివ్యాస్త్రం ఉపదేశం వల్లనో అనుగ్రహం వల్లనో సంక్రమిస్తుంది. కర్ణుని విషయంలో వలె శాపం వల్ల అక్కరకు రాకుండానూ పోతుంది. ఇక్కడ అధ్యయనం వల్ల శత్రువు అస్త్రం సైతం అందరి విద్య అవుతుంది. ఇందుకు భిన్నమైనది ఎగిరే మంత్రం. రాక్షసుల నుండి మానవులు దానిని యథాతథంగా గ్రహించారే తప్ప సూత్రం తెలుసుకోలేదు. అందువల్ల కొత్త అవసరాలకు దానిని మలచుకోలేకపోతున్నారు.

ముగింపు:
ఈ మూడు అంశాలను కలిపి చూస్తే, ఈ కథాలోకంలో బలం కన్నా అవగాహనే మిన్న అని తోస్తుంది. కానీ రచన అంత సులభమైన తీర్పు ఇవ్వదు. శక్తిని దాచి గెలవడం మంత్రవిద్యను అవమానించే పిరికి మార్గమని ఫ్లమ్మెయే అంగీకరిస్తుంది. పూలతోటను సృష్టించే మంత్రం ఆమెకు అత్యంత ప్రియమైనది. విద్యను అంతగా ప్రేమించినవారే శత్రుసంహారం కోసం దానిని వంచనగా మార్చుకోవలసి రావడం ఈ వ్యవస్థలోని అసలైన విషాదం. మంత్రనియమాలు కథకు అలంకారాలుగా మిగలక, పాత్రల నైతిక సంఘర్షణకు ఆధారమైనది ఇక్కడే.