డాక్టర్లు చేతులెత్తేసే దాకా ఆగొద్దు

సిద్దిపేట జిల్లా అక్కన్నపేట నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంద కిలోమీటర్లకు పైనే. రోగి వెంట ఇంకొకరు కూలి మానుకుని పోవాలి. క్యాన్సర్ ముదిరినవాళ్లను ఆసుపత్రికి పరుగెత్తించేది ఒక్క కణితే కాదు. ఆగని నొప్పి, వాంతులు, ఆయాసం, వాసన వచ్చే పుండు, పూడుకుపోయిన మూత్రపు గొట్టం కూడా. వీటిలో చాలావాటిని ఇంటి దగ్గరే చూడొచ్చు. ఆ పని చేసేదే పాలియేటివ్ కేర్.

దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలి? 2010లో వెలువడిన ఒక పరిశోధనలో బోస్టన్ వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా పాకిన 151 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్స, రెండో జట్టుకు దానితోపాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్. చివరి రోజుల్లో తీవ్ర వైద్యం మొదటి జట్టులో 54 శాతం మందికి జరిగితే, రెండో జట్టులో 33 శాతానికే. తీవ్ర వైద్యమంటే మరణానికి ముందు 14 రోజుల్లోపు కూడా కీమో ఇవ్వడం, హాస్పిస్ సేవ (చివరి రోజుల సంరక్షణ) అందకపోవడం, అందినా ఆఖరి మూడు రోజుల్లోనే అందడం. కుంగుబాటు లక్షణాలు మొదటి జట్టులో 38 శాతం మందికి ఉంటే, రెండో జట్టులో 16 శాతానికే. చివర్లో తీవ్ర వైద్యం తగ్గినా రెండో జట్టువాళ్లు మధ్యస్థ లెక్కలో 11.6 నెలలు బతికారు, మొదటి జట్టువాళ్లు 8.9 నెలలు.

అయితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరికీ మాటివ్వకూడదు. 1,614 మందితో జరిగిన ఏడు అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే రోగుల జీవన నాణ్యత కొద్దిగా మెరుగైంది, ఆయుష్షు సంగతి తేలలేదు. ముంబై టాటా మెమోరియల్‌లో తల, మెడ క్యాన్సర్ ఉన్న 180 మందిపై చేసిన ఇలాంటి పరిశోధనలో ఈ రెండింటిలోనూ స్పష్టమైన తేడాయే కనిపించలేదు. అయినా నొప్పి మాత్ర కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన ఊళ్లకు ఈ సేవ ముందే అందాలన్నది నా గట్టి అభిప్రాయం.

తెలంగాణ ప్రభుత్వం 2017లో చేవెళ్లలో మొదలుపెట్టి, తర్వాత జిల్లా కేంద్రాలకు ఈ సేవను విస్తరించింది. సిద్దిపేట వాటిలో ఒకటి. 'ఆలన' వాహనంలో నర్సులు ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్టు కడతారు, గొట్టాలు మారుస్తారు, మందులిస్తారు. నొప్పి మందైన మార్ఫిన్ పేరు వినగానే చాలామంది జంకుతారు. డాక్టర్ చెప్పిన మోతాదులో వేళ తప్పకుండా, మలబద్ధకం రాకుండా విరేచనాల మందుతో కలిపి వాడితే అది తీవ్రమైన నొప్పికి నమ్మదగ్గ మందు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దాన్ని తెప్పించుకునే దారి సులువు చేశారు.

క్యాన్సర్ ముదిరిందని తెలిసిన ఎనిమిది వారాల్లోపే పాలియేటివ్ కేర్ మొదలుపెట్టాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2016లో సూచించింది. కీమో మానేయాల్సిన పని లేదు, రెండూ కలిసి నడుస్తాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ముదిరిందని తెలిస్తే ఆ వారమే ఊళ్లోని ఆశా కార్యకర్తకు చెప్పండి, సిద్దిపేట కేంద్రంలో పేరు రాయించమని అడగండి.