త్రియేక దేవుడు – ప్రేమ

పెంతెకొస్తు పండుగ తరువాత వచ్చే ఆదివారానికి త్రిత్వ ఆదివారం అని పేరు. ఆనాడు ప్రసంగం చెప్పవలసినవారికి అదొక పరీక్ష. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు. అయినా దేవుళ్లు ముగ్గురు కారు, ఒక్కడే అంటే అందరూ తలలూపుతారు. మందిరం బయట చెప్పులు వేసుకుంటూ మాత్రం, 'ఇంతకీ ఒకరా, ముగ్గురా?' అనుకుంటారు. త్రియేక దేవుడు అనే మాట తమిళ సంఘాల్లోనూ వినబడుతుంది. వ్యాకరణం ప్రకారం 'త్ర్యేక' కావాలి గాని, నోరు తిరగక మనవాళ్లు సంధిని వదిలేశారు.

సండేస్కూల్లో నేను చాలా ఏళ్లు నీళ్ల ఉదాహరణే చెప్పాను. గడ్డకడితే మంచు, కాగితే ఆవిరి. పదార్థం ఒకటే, రూపాలు మూడు. మీరూ వినే ఉంటారు. ఒకసారి యేసు బాప్తిస్మం పాఠం జరుగుతోంది. యొర్దాను నీళ్లలోంచి కుమారుడు పైకి వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, తన ప్రియకుమారుణ్ణి గురించి తండ్రి ఆకాశం నుంచి పలుకుతున్నాడు. ఒక పిల్ల లేచి, "నీళ్లు ఆవిరైపోయాక ఇక నీళ్లుండవు గదండీ! మరి ఇక్కడ ముగ్గురూ ఒక్కసారే ఎలా ఉన్నారు?" అంది. ఆ పూట నాకు జవాబు తోచలేదు.

ఆ పిల్ల పట్టుకున్నది చాలా పాత పొరపాటు. మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే ఆయన రోములో దాదాపు ఇదే బోధించాడు. సంఘం ఒప్పుకోలేదు. 325లో నీకేయ సభ కుమారునిదీ తండ్రిదీ ఒకే సారమని చెప్పింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మనూ వారితో కలిపి ఆరాధించాలని చేర్చింది.

ఒకే దేవుడు మూడు వేషాలు కట్టాడంటే నష్టమేమిటని మీరడగవచ్చు. నష్టం ప్రేమకే. ఒకే నటుడు రాముడి వేషమూ, భరతుడి వేషమూ కడితే, ఆ అన్నదమ్ములు కౌగిలించుకునే ఘట్టం ఎలా ఆడతాడు? ప్రేమకు ఎదుట ఒకరుండాలి.

యోహాను తన మొదటి పత్రికలో దేవునికి ప్రేమ ఉందని ఊరుకోలేదు, దేవుడే ప్రేమ అన్నాడు. అయితే లోకం పుట్టకముందు ఆయన ఎవరిని ప్రేమించాడు? ఒంటరివాడైతే, ప్రేమించడం కోసమైనా మనల్ని చేసుకోక తప్పదు. అప్పుడు సృష్టి ఆయన అవసరమవుతుంది, వరం కాదు. యోహాను సువార్త 17వ అధ్యాయంలో యేసు చేసిన ప్రార్థన చూడండి. జగత్తుకు పునాది పడకముందే తండ్రి తనను ప్రేమించాడని అందులో అంటాడు.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను ఈ విషయం మీద 15 భాగాల గ్రంథం రాశాడు. ప్రేమించేవాడు, ప్రేమ పొందేవాడు, వారి మధ్యనున్న ప్రేమ అని ఒక పోలిక తెచ్చి, అదీ చాలదని తానే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

మరి ఇద్దరు చాలరా, మూడోవారెందుకు? పారిస్‌లోని సెయింట్ విక్టర్ మఠంలో పెద్దగా ఉండి, 1173లో చనిపోయిన రిచర్డు దీనికి జవాబు వెదికాడు. ఇద్దరి ప్రేమ పూర్ణమైతే, తమ సంతోషాన్ని మూడోవారితో పంచుకోవాలని ఇద్దరూ కోరుతారని ఆయన వాదం. ఇది తరగతిలో నేను రోజూ చూసేదే. విడదీయలేని ఇద్దరు స్నేహితుల బెంచీ మీదకు కొత్త పిల్లవాడొకడు వస్తాడు. వాళ్లు జరిగి చోటిస్తారా, పుస్తకాల సంచీ అడ్డం పెడతారా? ఎంత పెద్ద స్నేహమైనా అక్కడే తేలిపోతుంది.

'వ్యక్తులు' అనే మాట కూడా మనల్ని కొంత తికమక పెడుతుంది. వ్యక్తులనగానే ముగ్గురు వేరువేరు మనుషులు కళ్లముందు నిలుస్తారు. సంఘం చెప్పేది అది కాదు. ఇక్కడ ప్రతి పేరూ మరొకరిని బట్టే ఉంది. బిడ్డలు లేనివాణ్ణి తండ్రి అనం గదా!

నీళ్ల ఉదాహరణ మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు నల్లబల్ల మీద 'తండ్రి' అని ఒక్క మాట రాసి, ఈ మాట ఒంటరిగా నిలబడుతుందా అని పిల్లల్ని అడుగుతాను.