గాలికి బొంకని సాక్షి

పాడుపడిన నూతిలోనికి మనుష్యుని దింపుటకు ముందు త్రాటికి లాంతరు కట్టి దింపి చూచుట మన పల్లెలలో పెద్దల ఆచారము. దీపము కొండెక్కినచో ఎవ్వరును దిగరాదు. ఈ ఆచారమును మేము తక్కువ చేసి పలుకము. ప్రాణవాయువు కొరవడినచోట దీపము నిజమే చెప్పును. కాని దీపమునకు తెలియని విషములు కలవు. పనిచేయు చోట గాలిలో కార్బన్ మోనాక్సైడు పది లక్షల పాళ్లకు 50 పాళ్లు మించరాదని మునుపటి ఫ్యాక్టరీల చట్టము ఎనిమిది గంటల పనికి హద్దు విధించియుండెను. అంతకు ఎన్నో రెట్లున్నను దీపము వెలుగుచునే యుండును. దాని వెలుగును నమ్మి దిగిన వాడు మాత్రము నిలువడు.

ఈ సంగతి మార్కాపురము, గిద్దలూరు సీమలకు దూరమైనది కాదు. శ్రీశైలము జలాశయము నుండి కృష్ణ వరదనీటిని మెట్టభూములకు తెచ్చుటకై పూల సుబ్బయ్య వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. నల్లమల కొండల క్రింద సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగములను దోర్నాల చెంతవరకు తవ్విరి. మొదటి దాని తవ్వకము 2021లోను, రెండవ దానిది 2024లోను ముగిసినది; ఆ తరువాత సైతము లోపల లైనింగు పని మిగిలియుండెను. 43.5 టి.ఎం.సి.ల నీటికి ఎదురుచూచు రైతు, ఆ నీటి కొరకు కొండ కడుపున ఏండ్ల తరబడి పాటుపడిన కూలివాని ఊపిరిని తలపకుండుట న్యాయము కాదు. సొరంగపు పనిలో ప్రేలుడు మందు వాడినచోట కార్బన్ మోనాక్సైడును నత్రజని ఆక్సైడులును పుట్టును. డీజిలు యంత్రములును వానినే విడుచును. గొట్టముల ద్వారా పంపిన మంచిగాలి కొసవరకు చేరినదో లేదో ముక్కు చెప్పజాలదు. పరికరమే చెప్పవలెను.

ఆ పరికరమునకు గుండెకాయ యొక చిన్న విద్యుద్ఘటము. ప్లాటినపు సన్నని పొడి పూసిన పొర దానిలో మొదటి ఎలక్ట్రోడు. కార్బన్ మోనాక్సైడు ఆ పొరను తాకి, నీటితో కలిసి, బొగ్గుపులుసు వాయువుగా మారును. అప్పుడు విడివడిన ఎలక్ట్రానులు తీగ వెంట రెండవ ఎలక్ట్రోడును చేరి అచ్చట ప్రాణవాయువును నీరుగా మార్చును. మూడవ ఎలక్ట్రోడు మొదటిదాని పొటెన్షియలును చలింపకుండ కాచును. నడుమ నుండు ద్రవము సాధారణముగా గంధకికామ్లము. తీగలో పారిన విద్యుత్తెంతయో చూచి వాయువెంతయో తెలిసికొందుము.

క్రొత్తదిగా నున్నప్పుడు ఈ ఘటము చక్కగా పనిచేయును. చిక్కు రెండవ ఏట, మూడవ ఏట మొదలగును. ప్లాటినపు రేణువులు కాలక్రమమున, నీటిపై తేలు నేతిచుక్కలవలె, ఒకటితో నొకటి కలిసి పెద్దవగును. అవి పెరిగినకొలది వాయువు తాకు తలము తరుగును. గంధకపు వాయువులును సిలికోను ఆవిరులును ఆ తలమును కప్పివేయును. మన వేసవి యెండుగాలి ఆమ్లములోని నీటిని పీల్చును. వానకాలపు తేమ తిరిగి నింపును. మార్కాపురపు పలకపై వ్రాసి తుడిచి, వ్రాసి తుడిచిన బాలురకు ఈ సంగతి తెలిసినదే. పలకయు అదియే, బలపమును అదియే. అక్షరము మాత్రము మొదటి దినమువలె తెల్లగా పడదు.

ఇందొక భేదమును పాఠకులు ముఖ్యముగా గమనింపవలెను. ప్రాణవాయువును కొలుచు పాతరకపు ఘటములో సీసపు ఎలక్ట్రోడు దినదినము కరగిపోవును. సీసము ముగిసినప్పుడు అంకె పడిపోయి, గాలిలో ప్రాణవాయువు లేదని గంట మ్రోగును. ఆ గంట వట్టిదైనను కూలివాడు బయటకు పరుగెత్తును. పని చెడును గాని ప్రాణము దక్కును. కార్బన్ మోనాక్సైడు ఘటము తీరు దీనికి విపరీతము. అది చచ్చినప్పుడు సున్న చూపును. స్వచ్ఛమైన గాలిలోను అది సున్నయే చూపును. రెండు సున్నలకును భేదము చూచువానికి తెలియదు. సాక్షి మౌనమే నిర్దోషిత్వమునకు నిదర్శనమైన న్యాయస్థానమువంటి దిది.

దీనికి మందు ముఖ్యముగా ఎలక్ట్రోడు పదార్థమునందే వెదకవలసియున్నది. మోటారు వాహనముల పొగగొట్టములో ప్రాణవాయువును కొలుచు జిర్కోనియా పరికరము 1976లో బజారునకు వచ్చినది. కాలుచున్న పొగలో అది యేండ్ల తరబడి నిలుచుటకు కారణము పదార్థమును ఎన్నుకొనుటలోని నేర్పే. ప్లాటినపు పొరపై సన్నని రంధ్రములు గల పింగాణి పూత పూసి మాలిన్యమును అడ్డుదురు. ప్లాటినములో జిర్కోనియా పొడి కలిపినచో రేణువులు ఒండొంటిని చేరకుండును. వేడికి లోహము ఒక తీరునను పింగాణి మరియొక తీరునను సాగుటచే పొర ఊడు భయమును తగ్గును. వెండి చవుక, ఐనను తేమలో విద్యుత్తు సోకినచో అది తన చోటు విడిచి ప్రాకును. సన్నని రేణువు చురుకైనది, నిలుకడ లేనిది. పెద్ద రేణువు మందమైనది, నిలుకడ గలది. కావుననే మొదటినాటి చురుకును కొంత వదలుకొని పదినాళ్ల నిలుకడను కొనుట వివేకము.

కొలత లోపించినచో ఏమగునో విశాఖపట్టణము చూచినది. 2020 మే 7వ తేది తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెడలి 12 మందిని బలిగొనెను. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణమును కొలిచిరనియు, నడుమను పైనను కొలుచు ఏర్పాటు లేదనియు, సైరను మ్రోగింపలేదనియు ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చినది. కొలిచినది కొంత, కొలువవలసినది మరికొంత. చెప్పవలసిన గంట చెప్పలేదు.

ఈ విద్య మనకు అందనిది కాదు. 1948లో నెహ్రూగారు పునాది వేయగా, అళగప్ప చెట్టియారుగారి దానముతో కారైక్కుడిలో నెలకొన్న కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయము 1953 నుండి ఈ శాస్త్రమునందే కృషి చేయుచున్నది. ఎలక్ట్రానిక పరికరములకు కావలసిన పదార్థములను పరిశోధించు సీ-మెట్ సంస్థకు హైదరాబాదున ఒక శాఖ కలదు. మన ఎండకు, మన ధూళికి, మన తేమకు ఆగు ఎలక్ట్రోడును మన పరిశోధనాలయములు తయారుచేయవలెను. చల్లని దేశపు గదిలో పరీక్షించి అట్టపై అచ్చొత్తిన ఆయుర్దాయము దోర్నాల యెండకు కట్టుబడదు.

అంతవరకు చేయదగిన పని యొకటి కలదు. సొరంగములకును, కర్మాగారములకును, మురుగుగుంటలకును పరికరములు కొను అధికారులు మొదటి దినపు కొలతను గాక మూడవ యేటి కొలతను టెండరులో అడుగవలెను. ప్రతిదినము పనికి ముందు, పాలు తెలిసిన వాయువును పరికరమునకు చూపి, అది పలికినదో లేదో చిట్టాలో వ్రాయింపవలెను. పలుకనిదానిని ఆ పూటయే తీసివేయవలెను. కామందులును తమ నూతులు పూడిక తీయించునప్పుడు ఇట్టి పరికరమునే బాడుగకు తెప్పింపవచ్చును. నూతిలో దింపిన దీపము ఆరినచో అందరును చూతురు. పరికరము లోలోపల ఆరినచో దానిని కనిపెట్టు బాధ్యత దింపినవానిది; దిగినవానిది కాదు.