కంటికి కనిపించే ధ్వని

తెలుగు బోధించే మాకు ధ్వనియంత్రములతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. కొన్నేండ్ల క్రిందట వార్షికోత్సవమున ఒక విద్యార్థిని గజల్ చదువుచుండెను. తన గొంతు తనకు వినబడుట లేదని ఆమె సైగ చేసినది. మేము శబ్దము హెచ్చించితిమి. వెంటనే మైకు కీచుమని కూసినది. ఆమె రెండవ షేర్ వద్దనే ఆగి, కాగితము మడిచి దిగిపోయినది. మైకు చెడినదని అందరును అన్నారు. చెడినది మైకు కాదు. దానిని నడుపు విధానమే మాకు తెలియదు. పిమ్మట నేర్చుకొన్న రెండు సంగతులను ఇచట మనవి చేయుచున్నాము.

స్పీకరు నుండి వెలువడిన శబ్దము మరల మైకులో ప్రవేశించి, ఇంకను పెద్దదై స్పీకరును చేరును. ఈ చక్రము ఆగక తిరిగినప్పుడు కూత పుట్టును. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెన్ పేర దీనిని లార్సెన్ ఫలితము అందురు. అన్ని పౌనఃపున్యములు ఒక్కసారిగా కూయవు. గది ఆకారము, మైకు, స్పీకర్ల అమరికను బట్టి ఏదో ఒకటి ముందుగా తల ఎత్తును.

మొదటి సంగతి ఆగ్జిలరీ సెండు. మిక్సరుపై ప్రతి మైకునకు ఒక నిలువు వరుస గలదు. దాని అడుగున నున్న ఫేడరు సభికులకు పోవు శబ్దమును నిర్ణయించును. పైనున్న ఆగ్జిలరీ నాబు మరియొక దారి. ఒకే చెరువునకు రెండు తూములున్నట్లు, పెద్ద తూము సభకును, చిన్న తూము వేదికపై చదువువారి యెదుటనున్న మానిటరు స్పీకరునకును శబ్దమును పంపును. దీనిని ప్రీ-ఫేడరుగా నుంచినచో, ఫేడరును ఎటు జరిపినను చదువువారికి వినబడునది మారదు. పోస్ట్-ఫేడరుగా నుంచినచో ఫేడరును అనుసరించును. ప్రతిధ్వని కల్పించుటకు అది తగును. ఆనాడు మేము చిన్న తూము తెరువవలసిన చోట పెద్ద తూము తెరచితిమి. మానిటరు సైతము కూయగలదు. కార్డియాయిడ్ మైకు తన వెనుక వైపు శబ్దమును అతి తక్కువగా గ్రహించును గనుక, మానిటరును ఆ వైపుననే ఉంచవలెను.

రెండవది ధ్వని వర్ణపటము. పట్టకము తెల్లని కాంతిని రంగులుగా విడదీయునట్లు, ధ్వనిని పౌనఃపున్యములుగా విడదీయవచ్చును. 1822లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే ఉష్ణముపై ప్రకటించిన గ్రంథము దీనికి పునాది. 1965లో జేమ్స్ కూలీ, జాన్ టూకీ ప్రకటించిన శీఘ్రగణన పద్ధతి వలన నేడు సెల్‌ఫోను సైతము ఈ పని చేయుచున్నది. తెరపై ఎడమన 20 హెర్ట్జ్, కుడిన 20,000 హెర్ట్జ్. గీత ఎత్తు శబ్దబలము. మాటల శిఖరములు లేచి పడుచుండును. కూత మాత్రము సూదివలె ఒకేచోట నిలుచును. అది 2,500 వద్ద నున్నచో, కూయుచున్న స్పీకరు దారిలోని 31 మీటల ఈక్వలైజరుపై ఆ ఒక్క మీటను మూడేసి డెసిబెల్‌ల చొప్పున దించవలెను. కూత ఆగగానే చేయి తీయవలెను.

ఈ అంకె తెలియనివారు హెచ్చు పౌనఃపున్యములన్నిటిని ఒక్కుమ్మడిగా తగ్గింతురు. కూత ఆగును, దానితో మాటయు పోవును. అచ్చుల బలము చాలవరకు దిగువనున్నది. హల్లుల స్పష్టత ముఖ్యముగా 1,000 హెర్ట్జ్‌కు పైన నున్నది. సకారపు బలము 4,000 దాటి యుండును. అది పోయినచో తెలుగు శ, స లకును, ఉర్దూ షీన్, సీన్‌లకును భేదము చెవికి అందదు. రెండు భాషల కళాశాలలో ఇది చిన్న నష్టము కాదు.

అయినను కన్ను సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. ఎత్తైన గీత యెల్ల దోషము కాదు. గంభీరమైన గొంతునకు దిగువ గీతలు సహజముగనే ఎత్తుగ నుండును. తుది తీర్పు చెవిదే. ఖాళీ గదిలో సరిచూచినను, జనము నిండిన పిమ్మట మరల వినవలెను. మనుష్యులు శబ్దమును పీల్చుకొందురు.

కళాశాల కమిటీ పెద్దలను మేము కోరునది ఖరీదైన యంత్రము కాదు. సభకు ముందు ఒక గంట సమయము, శిక్షణ పొందిన ఇద్దరు విద్యార్థులు చాలును. ఆ గజల్‌లోని మూడవ షేర్ మేము నేటికిని వినలేదు. ఇకముందు ఈ వేదికపై ఎవరి కాగితమును సగములో మడువబడకుండుగాక.