మిరపకొక చలువ, మనిషికొక చలువ
డోర్నకల్ ప్రాంతపు రైతు సంఘముల భవనములకు శీతల యంత్రముల ఎన్నిక

మాఘ, ఫాల్గుణ మాసములలో డోర్నకల్ జంక్షనులో బండి దిగి ఏ గ్రామమునకు నడచినను కల్లములపై ఎర్రగా పరచిన మిరప కాయలు కనుపించును. పూర్వము వరంగల్ జిల్లాలో నుండి 2016లో మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున ప్రత్తితో పాటు మిరప రైతునకు రొక్కము తెచ్చు పంట. ఒక వైపు వరంగల్ ఎనుమాముల మార్కెట్టు, మరియొక వైపు ఖమ్మము మార్కెట్టు ఉన్నవి. అయితే కాయ ఎండిన వెంటనే అందరును ఒకేసారి బస్తాలు కట్టి మార్కెట్టునకు తోలుటచే ధర పడిపోవుచున్నది.

2017 ఏప్రిల్ నెలలో ఖమ్మము మార్కెట్టులో జరిగినది రైతులు మరచియుండరు. అంతకు ముందటి సంవత్సరపు మంచి ధరను చూచి అందరును మిరప వేసిరి. పంట చేతికి వచ్చుసరికి ధర కుప్పకూలినది. మార్కెట్టులో అలజడి చెలరేగినది. తుదకు కేంద్ర ప్రభుత్వము క్వింటాలు 5,000 రూపాయల చొప్పున కొంత సరుకు కొనుటకు అంగీకరింపవలసి వచ్చెను. సరుకును కొన్ని నెలలు చెడకుండ దాచుకొనగల రైతునకు కొంత నిబ్బరముండును. కాని ఏ గదిలో దాచవలెను? ఆ గదిని ఏ యంత్రముతో చల్లబరచవలెను? ఈ ఎన్నికలో పొరపాటు జరిగినచో దాచిన సరుకే నల్లబడి, అప్పు మాత్రము మిగులును.

కొన్ని గ్రామముల రైతులు సంఘముగా నేర్పడి డోర్నకల్ వంటి ఊరిలో ఒక భవనము కట్టదలచినారనుకొందము. అందులో లెక్కలు వ్రాయుటకు, సమావేశములకు ఒక హాలు. విత్తనములకు ఒక గది. మిరప బస్తాలకు ఒక గిడ్డంగి ఉండును. ఈ మూడింటికి ఒకే రకపు యంత్రము సరిపోవునా? సరిపోదు. ఎందుచేతనో ఇచ్చట వివరింపబడినది.

చల్లదనము వేరు, పొడితనము వేరు

గాలిని చల్లబరచు ఆధునిక యంత్రమును మొదట మనుషుల సుఖము కొరకు నిర్మింపలేదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున ఒక అచ్చుయంత్రశాలలో గాలి తేమకు కాగితము సాగుచు, ముడుచుకొనుచు రంగులు సరిగా కుదరకుండెను. ఆ తేమను అదుపు చేయుటకు విలిస్ క్యారియర్ అను ఇంజనీరు ఈ పద్ధతిని రూపొందించెను. సరుకును కాపాడదలచిన వారు నేటికిని ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. గది ఎంత చల్లగా నున్నదని మాత్రమే గాక, ఎంత పొడిగా నున్నదని కూడ చూడవలెను.

మన ప్రాంతమున ఎక్కువగా వాడు నీటి కూలరునే తీసికొనుడు. వైశాఖమున బయట 42 డిగ్రీల సెంటిగ్రేడు ఎండ, గాలిలో 20 శాతము తేమ ఉన్నప్పుడు మంచి కూలరు గాలిని 27, 28 డిగ్రీలకు దించగలదు. ఖర్చు స్వల్పము. కాని ఆ గాలిలో తేమ 70 శాతము దాటును. శ్రావణమున 32 డిగ్రీల వేడి, 75 శాతము తేమ ఉన్నప్పుడు అదే కూలరు మూడు డిగ్రీల కంటె ఎక్కువ దించలేదు. పైగా గదియంతయు చెమ్మగిలును. కనుక కూలరు వేసవిలో మనుషులకు మంచిది. విత్తనపు గదిలో గాని, మిరప గదిలో గాని దానిని ఎన్నడును పెట్టరాదు.

యంత్రము కంటె గోడ ముందు

చాలమంది భవనము కట్టిన పిమ్మట యంత్రముల కొరకు బయలుదేరుదురు. ఇది తలక్రిందుల పద్ధతి. లోనికి వచ్చు వేడిని మొదట గోడ, కప్పు, తలుపు ఆపవలెను. మిగిలిన వేడిని మాత్రమే యంత్రము తోడివేయవలెను. గండిపడిన మడికి మోటారు పెద్దది బిగించిన ప్రయోజనమేమి?

ఒక లెక్క చూడుడు. గిడ్డంగి లోపల 6 డిగ్రీలు, బయట 42 డిగ్రీలు ఉన్నవి. తొమ్మిదంగుళముల ఇటుక గోడ 100 చదరపు మీటర్లు ఉన్నచో దాని గుండ సుమారు 7,200 వాట్ల వేడి లోనికి వచ్చును. దానిని తోడుటకే రెండు టన్నుల యంత్రము కావలెను. అదే విస్తీర్ణమునకు 100 మిల్లీమీటర్ల మందము గల పాలీయురథేన్ నురగ పలకలు, అనగా వాడుకలో పఫ్ ప్యానెళ్లు, వాడినచో వచ్చు వేడి సుమారు 830 వాట్లు మాత్రమే. దీనికి పావు టన్ను చాలును. నాలుగంగుళముల ఈ పలక వేడి నాపుటలో పదడుగుల మందము గల ఇటుక గోడతో సమానము.

పలకల అతుకులలో సందులుండరాదు. నిప్పును త్వరగా అంటుకొనని రకమునే కోరవలెను. కరెంటు తీగలను పలకల మధ్య నుండి పోనీయక, విడిగా ఇనుప గొట్టములలో నడుపవలెను. ఎండు మిరపకు నిప్పంటుకొనినచో ఆర్పుట మిక్కిలి కష్టము. ఆ పొగ ఘాటునకు మనుషులు దగ్గరకు పోలేరు.

కప్పు విషయమున కూడ శ్రద్ధ వహింపవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము ప్రకారము వ్యాపార భవనములకు ఎండను త్రిప్పికొట్టు కప్పులు వేయవలసియున్నది. తెల్లని పూత గాని, తెల్లని పలకలు గాని ఇందుకు ఉపయోగపడును. పడమటి గోడకు కిటికీలు తగ్గించి, వరండా గాని చెట్ల నీడ గాని కల్పించిన హాలులో యంత్రపు పని చాల తగ్గును.

టన్ను అనగా నేమి?

సంఘ సభ్యులు ఇచ్చట తరచు పొరబడుదురు. గిడ్డంగి టన్ను సరుకు బరువు. యంత్రపు టన్ను వేడిని తోడు శక్తి. 2,000 పౌనుల మంచుగడ్డ 24 గంటలలో కరగునప్పుడు ఎంత వేడిని పీల్చుకొనునో, అంత వేడిని అదే కాలములో తోడివేయుటను ఒక టన్ను అందురు. ఇది 3.5 కిలోవాట్లకు సమానము.

గది వైశాల్యమును మాత్రమే చూచి ఇన్ని టన్నులు కావలెనని చెప్పువారిని నమ్మరాదు. కూర్చున్న ఒక్కొక్క మనిషి సుమారు 120 వాట్ల వేడిని వెలువరించును. 40 మంది సభ్యులు చేరిన హాలులో వారి వేడియే 4,800 వాట్లు, అనగా ఒకటిన్నర టన్నులకు కొంచెము తక్కువ. ఎండ, దీపములు, కంప్యూటర్లు, తలుపు తెరచినప్పుడు వచ్చు గాలి దీనికి అదనము. అట్లని అవసరమునకు మించిన యంత్రమును బిగించుట కూడ తప్పే. అది గదిని గబగబ చల్లబరచి ఆగిపోవును. తేమను పిండుటకు దానికి వ్యవధి చాలదు. గది చల్లగా నుండియు జిగటగా నుండును.

మనుషుల హాలునకు

ఈ హాలు నెలలో కొన్ని రోజులు మాత్రమే నిండును. గుమాస్తా గది ప్రతిదినము వాడుకలో నుండును. ఇట్టి చిన్న భవనమునకు పెద్ద పట్టణములలోని దుకాణ సముదాయముల వలె గొట్టముల ద్వారా అంతట చలువ పంపు కేంద్ర యంత్రము అనవసరము. గదికి గది వేరుగా స్ప్లిట్ యంత్రములు పెట్టి, వాడుకలో నున్న గదినే చల్లబరచుట మేలు. పనికి తగినట్లు వేగము మార్చుకొను ఇన్వర్టరు రకము కరెంటును పొదుపు చేయును. నక్షత్రముల చీటీ చూచి కొనవలెను. 2020 నుండి గది యంత్రములను 24 డిగ్రీల వద్ద నిలుపు ఏర్పాటుతోనే తయారు చేయవలెనని నియమము వచ్చినది. పైన పంకా తిరుగుచున్నచో అంతకంటె తక్కువ పెట్టనవసరము లేదు.

పాత ఆర్-22 వాయువు ఓజోను పొరకు హాని కలిగించుటచే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము ననుసరించి క్రమముగా మానిపింపబడుచున్నది. ఆ వాయువుతో నడచు పాత యంత్రము చౌకగా దొరికినను కొనరాదు. రేపు మరమ్మతునకు వాయువు దొరకుట కష్టమగును.

విత్తనపు గదికి

విత్తన శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ చెప్పిన సులభమైన లెక్క ఒకటి కలదు. గది వేడిని ఫారన్‌హీటు డిగ్రీలలోను, గాలి తేమను శాతములోను తీసికొని రెండును కూడినచో మొత్తము 100 దాటకుండవలెను. 15 డిగ్రీల సెంటిగ్రేడు అనగా 59 డిగ్రీల ఫారన్‌హీటు. తేమ 40 శాతమున్నచో మొత్తము 99, విత్తనము క్షేమము. అదే చలువలో తేమ 70 శాతమున్నచో మొత్తము 129. మొలకశక్తి త్వరగా తగ్గును. సాధారణ స్ప్లిట్ యంత్రము గదిని చల్లబరచును గాని తేమను 40 శాతమునకు దించి నిలుపజాలదు. కనుక విత్తనపు గదికి తేమను లాగు యంత్రము వేరుగా ఉండవలెను. అంత స్తోమతు లేని సంఘము విత్తనమును బాగుగ ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలలో భద్రపరచుట ఉత్తమము.

మిరప గిడ్డంగికి

ఎండు మిరప ఎర్రదనము వేడికి, వెలుతురునకు, తేమకు తగ్గిపోవును. ఆ రంగే సరుకునకు ధర. రంగునకు పేరు పొందిన వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. మిరపను 5 నుండి 10 డిగ్రీల చలువలో, 60 నుండి 65 శాతము తేమలో ఉంచినచో రంగు నిలుచును, బూజు పట్టదు. ఆ చలువకు సాధారణ గది యంత్రము పనికిరాదు.

కొన్ని పదుల టన్నుల సరుకునకైనచో పఫ్ ప్యానెళ్ల గదియు, గాలితో చల్లబడు చిన్న యూనిట్లును చాలును. వేల టన్నులు నిలువచేయు గిడ్డంగులకు అమ్మోనియా యంత్రము లాభదాయకము. అది తక్కువ కరెంటుతో ఎక్కువ వేడిని తోడును. ఓజోను పొరకు హాని చేయదు. కాని అమ్మోనియా విషవాయువు. దాని గొట్టములు మనుషులు కూర్చుండు భాగమునకు రాకూడదు. శిక్షణ పొందిన పనివాడు, ముఖ తొడుగులు, గాలి పోవు మార్గము, వాయువు కారినచో హెచ్చరించు గంట ఉండి తీరవలెను. అట్టి యంత్రమునకు నీరు కూడ కావలెను. నీటిలో సున్నము ఎక్కువగా నున్నచో గొట్టములకు పెంకు కట్టును. కనుక బావి నీటిని ముందుగా పరీక్ష చేయించవలెను.

ఎంత మంచి యంత్రమైనను పచ్చి కాయను బాగుచేయలేదు. తేమ 10, 11 శాతమునకు దిగిన కాయలనే, తాలు ఏరివేసి, లోనికి పంపవలెను. బస్తాలను నేలకు, గోడకు తగులకుండ చెక్క పలకలపై పేర్చి, వరుసల నడుమ గాలికి దారి విడువవలెను.

సరుకు తీయునప్పుడు మరింత జాగ్రత్త అవసరము. శ్రావణమున 6 డిగ్రీల బస్తాను ఒక్కసారిగా బయట పెట్టినచో చన్నీటి చెంబునకు పట్టినట్లు కాయలపై నీరు పట్టును. ఎనిమిది నెలల శ్రమ ఒక్క రాత్రిలో వ్యర్థమగును. గిడ్డంగికి ముందొక నడిమి గది కట్టి, బస్తా మూతి విప్పక, వేడి సమమగు వరకు అందులో ఉంచవలెను.

కరెంటు, డబ్బు

ఒక పెద్ద యంత్రమునకు బదులు రెండు చిన్నవి పెట్టినచో ఒకటి చెడినను రెండవది సరుకును కాపాడును. కరెంటు పోయినప్పుడు డీజిలు జనరేటరు ఉండవలెను; మంచి గోడలున్న గది తలుపు తెరవకున్నచో కొన్ని గంటలు చలువను నిలుపును.

యంత్రపు ధర ఒక్కసారి. కరెంటు బిల్లు ప్రతి నెల. రెండు యంత్రములకు గంటకు ఒక్క యూనిటు తేడా ఉన్నచో, దినమునకు 18 గంటల చొప్పున 240 దినములలో 4,320 యూనిట్లు అదనముగా ఖర్చగును. ఋణము తీసికొను సంఘములు 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి నుండి వడ్డీ రాయితీని గూర్చి బ్యాంకులో విచారింపవలెను. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగి రసీదుపై రైతు ఋణము పొందవచ్చును.

అయితే దాచిన సరుకునకు ధర తప్పక పెరుగునని ఎవరును హామీ ఇవ్వలేరు. గిడ్డంగులన్నియు నిండియున్న యేట పాత సరుకే కొత్త పంట ధరను దించును. కావున పంటలో కొంత భాగము అమ్మి అప్పు తీర్చి, కొంత మాత్రమే దాచుట వివేకము.

ఒప్పందమునకు ముందు అడుగవలసినవి

1. ఏ గది ఎవరి కొరకు? ఎంత చలువ, ఎంత తేమ కావలెను?
2. గోడ, కప్పు, మనుషులు, రోజువారి సరుకు — అన్నింటి వేడి లెక్క కాగితముపై చూపినారా?
3. ఏ వాయువు వాడుదురు? పదేండ్ల తరువాత అది దొరకునా?
4. చెడినచో బాగుచేయువాడు ఎంత దూరములో నున్నాడు? ఎన్ని గంటలలో రాగలడు?
5. గదిలో వేడిని, తేమను కొలుచు సాధనములున్నవా? ప్రతిదినము ఎవరు వ్రాయుదురు?
6. నిప్పు, వాయువు ప్రమాదములకు ఏర్పాట్లేమి? సరుకునకు భీమా ఉన్నదా?

ఈ ఆరింటికి తృప్తికరమైన జవాబు లేని చీటీపై, అది ఎంత చౌకయైనను, సంఘ కార్యదర్శి సంతకము చేయరాదు. గిడ్డంగిలోని ప్రతి బస్తా వెనుక ఒక కుటుంబపు ఏడాది కష్టమున్నది.