ఇల్లు మనదే, పానా మాత్రం మనది కాదు!

ఇల్లు మనది. డబ్బు మనది. స్నానం చేసేదీ మనమే. అటువంటప్పుడు నీళ్ళు కాచుకునే పరికరాన్ని మన చేత్తో మనం బిగించుకుంటే సర్కారుకు వచ్చిన నష్టమేమిటి?

ఈ ప్రశ్న వేయని మగవాడు మధ్యతరగతి ఇళ్ళలో అరుదు. పానా, స్క్రూడ్రైవరు చేతికి వస్తే చాలు, అతనిలోని ఇంజనీరు మేలుకుంటాడు. కారే కుళాయి బాగవుతుంది, తిరగని ఫ్యాను తిరుగుతుంది, ఇంటావిడ మెచ్చుకుంటుంది. అంతవరకూ బాగానే వుంది. అదే ధైర్యంతో గ్యాసు గొట్టం మీద చెయ్యి వేసినప్పుడే చిక్కు వస్తుంది.

మా పాన్‌గల్ గుట్ట మీద పాత కోట వుంది. దాని నీడన వెనకటి ఇళ్ళలో నీళ్ళు కాచడానికి ఏ చట్టమూ అక్కరలేకపోయింది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన కాగు. కాస్త కలిగిన ఇళ్ళలో రాగి బాయిలరు. నడుమ గొట్టంలో బొగ్గులో కట్టెపేళ్ళో వేస్తే చుట్టూ వున్న నీళ్ళు కాగేవి. పొగకు కళ్ళు మండేవి గాని, ఆ పొగంతా ఆకాశంలోకి పోయేది. బాయిలరు పెరట్లో వుండడం వల్ల మన పెద్దలు ఎంత మేలు పొందారో వారికే తెలియదు!

తరవాత గ్యాసు వచ్చింది. 1965లో కలకత్తాలో మొదటి ఇండేన్ కనెక్షన్ ఇచ్చారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి దీపం పథకం, ఆ తరవాత 2016 నాటి ఉజ్వల పథకం పల్లెటూరి వంటిళ్ళకు కూడా సిలిండర్లను చేర్చాయి. వంటింట్లో కుదురుకున్న గ్యాసు మెల్లగా స్నానాల గది వైపు అడుగు వేసింది. గోడకు తగిలించే చిన్న గ్యాసు గీజరు దుకాణాల్లో దొరుకుతోంది. కుళాయి తిప్పగానే మంట అంటుకుని వేడినీళ్ళు వస్తాయి.

మా అమ్మాయి పురిటికి వచ్చిన చలికాలంలో ఈ గీజరు మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. పసిబిడ్డ వచ్చే ఇల్లు, వేళకాని వేళ వేడినీళ్ళు కావాలి. మా బావమరిది వనపర్తి వెళ్ళి గీజరూ, నాలుగు గజాల రబ్బరు గొట్టమూ, ఒక సిలిండరు నుంచి రెండు దారులు చేసే ఇత్తడి ముక్కా కొనుక్కొచ్చాడు.

"దీనికి మెకానిక్కు ఎందుకు బావా? రెండు నట్లు బిగిస్తే అయిపోతది. మేనకోడలు చన్నీళ్ళు పోసుకుంటదా?" అన్నాడు.

ప్రేమకు కొదవ లేదు. మా ఆవిడ మాత్రం, "గ్యాసాయన వచ్చి చూసేదాకా ఆ గోడకు మేకు కూడా కొట్టొద్దురా తమ్ముడూ" అని కట్టడి చేసింది. మర్నాడు డీలరు మెకానిక్కు వచ్చాడు. స్నానాల గదిని చూశాడు. తలుపు వేస్తే చేతివెడల్పు కిటికీ తప్ప గాలికి దారి లేదు.

"ఇందులో పెడితే లోపలికి పోయిన మనిషి మళ్ళీ బయటికి నడిచి రావాలె కద సార్!" అన్నాడతను.

ఆ ఒక్క మాటతో ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అతను చెప్పిన కారణాలు ప్రతి కుటుంబమూ తెలుసుకోదగ్గవి.

గ్యాసులో ఇద్దరు శత్రువులున్నారు. మొదటిది కారే గ్యాసు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. పైకి తేలిపోకుండా నేలమీద పరుచుకుని, గుంటల్లోనూ మూలల్లోనూ నిలుస్తుంది. గాలిలో నూటికి రెండు వంతులు కలిసినా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. అయితే ఇది కొంత మంచి శత్రువు. మెర్కాప్టన్ అనే ఘాటైన వాసన కలిపి పంపుతారు కనుక ముక్కు మనల్ని హెచ్చరిస్తుంది.

రెండోది అలా కాదు. మూసిన గదిలో గ్యాసు మండుతూ వుంటే గాలిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. అప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట ఇది రెండువందల రెట్ల పట్టుతో కూర్చుంటుంది. తల తిరుగుతుంది, కాళ్ళలో బలం పోతుంది, కొందరికి మూర్ఛ వస్తుంది. "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అని మన దేశపు వైద్యులు దీనికొక పేరే పెట్టారు. గీజరు మంట వంటపొయ్యి మంటకు ఎన్నో రెట్లు పెద్దది కనుక చిన్న గది త్వరగా విషమవుతుంది. గర్భిణికి ఇది మరింత ప్రమాదం. తల్లి పీల్చిన విషం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

ఇక చట్టం సంగతి. మనం డిపాజిట్టు కట్టి తెచ్చుకున్న సిలిండరు గానీ, రెగ్యులేటరు గానీ మన సొత్తు కాదు. అవి కంపెనీవి, మనకు వాడుకోవడానికి ఇచ్చినవి. మన సొంతమైనవి పొయ్యి, గొట్టం మాత్రమే. ఇంటి కనెక్షన్ ఇచ్చేదీ వంటకోసమే. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద 2000లో వంటగ్యాసు సరఫరాపై ఒక ఉత్తర్వు వచ్చింది. ఇంటి సిలిండరును హోటలుకో మోటారుకో మళ్ళించినా, ఒక సిలిండరులోని గ్యాసును మరొకదానిలోకి ఎక్కించినా నేరం. రుజువైతే మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు. దీనికి తోడు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద 2016 గ్యాసు సిలిండర్ల నియమావళి వుంది. సిలిండరు వాల్వును కదిలించే హక్కు మనకు లేదు.

చమురు కంపెనీలు మన చేత పైసా కట్టించకుండానే ప్రమాద బీమా చేయిస్తాయి. కాని ప్రమాదం జరిగితే విచారణ జరుగుతుంది. అక్కడ మన ఇత్తడి ముక్క, గుర్తులేని గొట్టం బయటపడితే ఆ బీమా అందుతుందన్న ధీమా వుండదు.

ఇది మన సర్కారు చాదస్తమని అనుకోకండి. లండన్‌లో 1968 మే 16న జరిగిన సంగతి చూడండి. రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల కొత్త భవనం. 18వ అంతస్తులో ఒకావిడ తెల్లవారుజామున టీ కాచుకోవడానికి అగ్గిపుల్ల గీసింది. గ్యాసు పేలి ఆ భవనం ఒక మూల పైనుంచి కిందిదాకా కూలిపోయింది. నలుగురు చనిపోయారు. ఆవిడ మాత్రం బతికింది. విచారణలో తేలిందేమిటంటే, పొయ్యికి గొట్టం కలిపిన ఇత్తడి నట్టు నాసిరకంది. ఆ పొయ్యిని బిగించి పెట్టినవాడు ఆవిడకు తెలిసిన స్నేహితుడే!

ఇప్పుడు అక్కడ ఇల్లు కొనుక్కున్న మన తెలుగు పిల్లలకు బాయిలరు నిత్యవ్యవహారం. ఇంటిని వెచ్చబెట్టేదీ, నీళ్ళు కాచేదీ అదే. 1998 నాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం సమర్థుడు కానివాడు గ్యాసు పని ముట్టుకోరాదు. కూలి తీసుకుని చేసేవాడైతే "గ్యాస్ సేఫ్" రిజిస్టరులో పేరు వుండి తీరాలి. 2009 నుంచి ఆ రిజిస్టరు నడుస్తోంది. సొంత ఇంట్లో చేసుకునేవాడికీ సామర్థ్యం షరతు తప్పదు. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఏడాదికోసారి తనిఖీ చేయించి పత్రం చూపాలి.

మరి మన చేతికి ఏ పనీ మిగలలేదా అంటే, కావలసినంత వుంది. సిలిండరు తెచ్చినప్పుడు సీలూ, బరువూ, పరీక్ష గడువూ చూడండి. నిలబెట్టి వుంచండి, పొయ్యి దానికన్నా ఎత్తున పెట్టండి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న గొట్టమే కొని, అయిదేళ్ళకు మార్చండి. అతుకుల దగ్గర సబ్బునురుగు రాసి చూడండి. బుడగలు వస్తే గ్యాసు కారుతున్నట్టే. అగ్గిపుల్లతో మాత్రం ఎన్నడూ పరీక్షించకండి. వాసన వస్తే స్విచ్చు వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906కు ఫోను చేయండి. గీజరు కావాలనుకుంటే ముందు డీలరును అడగండి. తెలిసినవాడి చేత, గది వెలుపల, ధారాళంగా గాలి ఆడే చోట తప్ప పెట్టించకండి.

మా ఇంట్లో గీజరు తిరిగి దుకాణానికి పోయింది. అటక మీది రాగి బాయిలరు చింతపండుతో తళతళలాడి పెరట్లోకి దిగింది. దాని కింద నిప్పు చూసుకునే ఉద్యోగం బావమరిదికే దక్కింది. ఆ చలికాలమంతా తల్లికీ బిడ్డకూ నీళ్ళకు లోటు రాలేదు.

చట్టం మన చేతి నేర్పును అనుమానించడం లేదు. నట్టు బిగించడం ఎవరికైనా వస్తుంది. అది సరిగా బిగిసిందో లేదో, మంట సరిగా మండుతోందో లేదో తేల్చడానికి శిక్షణ కావాలి. కుళాయి తప్పు బిగిస్తే నేల తడుస్తుంది, తుడుచుకుంటాం. గ్యాసు తప్పు బిగిస్తే తుడుచుకునేందుకు మనిషి మిగలాలి గదా! బిగించినవాడు హాయిగా వీధిలో కూర్చుని వుంటాడు; ఫలితం అనుభవించేది లోపల స్నానం చేస్తున్న ఇల్లాలో, కూతురో. అందుకే ఈ ఒక్క చోట పానాను పెట్టెలో పెట్టండని ఇంటి మగవారికి నా మనవి. పెట్టెకు తాళం వేసి, చెవి తమ దగ్గర వుంచుకోమని ఇల్లాళ్ళకు నా సలహా.