పయనమయ్యే ముందు పరమాత్మ దర్శనం
శంషాబాద్ చుట్టుపక్కల ఒక రోజు యాత్ర

పూర్వం కాశీయాత్రకు బయలుదేరిన వారిని బంధుమిత్రులు ఊరి పొలిమేర దాకా సాగనంపి, కన్నీటితో వెనుదిరిగేవారు. నేడు తెలుగునాట ఎన్నో కుటుంబాలకు ఆ పొలిమేర శంషాబాద్. 2008 మార్చి 23న ఇక్కడి అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి రాకపోకలు ప్రారంభమైన నాటి నుంచి చదువుల కోసం, కొలువుల కోసం సీమలు దాటే బిడ్డలను తల్లిదండ్రులు ఇక్కడికే వచ్చి సాగనంపుతున్నారు. రాత్రి విమానానికి ఉదయమే నగరం చేరి, మిగిలిన సమయాన్ని విశ్రాంతి గదులలో భారంగా గడిపేవారు ఎందరో! ఆ కొద్ది గంటలను సార్థకం చేయగల క్షేత్రాలు ఈ పరిసరాలలోనే కొలువై ఉన్నాయి.

అమ్మపల్లి సీతారాములు

శంషాబాద్ పట్టణానికి చేరువలో, నర్కూడ గ్రామ పరిధిలో శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. 13వ శతాబ్ది నాటిదని చెప్పుకునే ఈ కోవెలకు ఏడంతస్తుల రాజగోపురం, మెట్ల కోనేరు, చుట్టూ పచ్చని తోటలు శోభను చేకూరుస్తున్నాయి. మకరతోరణంతో కూడిన నల్లరాతి మూర్తులుగా సీతారామలక్ష్మణులు గర్భాలయంలో దర్శనమిస్తారు. ఎన్నో తెలుగు చలనచిత్రాలలో ఈ గోపురాన్ని, కోనేటిని మీరు చూసే ఉంటారు. తెరపై చూసినప్పుడు కలగని ప్రశాంతత స్వామి ఎదుట నిలిచినప్పుడు కలుగుతుంది.

సాగనంపే తల్లికి రాముని సన్నిధి కంటే తగిన చోటు ఏముంటుంది? రాముడు వనవాసానికి పయనమైనప్పుడు కౌసల్య మొదట వెళ్లవద్దని విలపించింది. ఆపలేనని తెలిశాక కన్నీరు తుడుచుకుని, ఆచమించి, సకల దేవతలూ కుమారుని కాపాడాలని మంగళాశాసనం చేసింది. చేతికి రక్ష కట్టింది. బిడ్డను పంపక తప్పనప్పుడు తల్లి చేయగలిగిన పని అదొక్కటే. ఆమె ఆశీస్సు ఫలించి రాముడు తిరిగివచ్చాడు. అయితే ఆ పునరాగమనాన్ని చూసే భాగ్యానికి దశరథుడు నోచుకోలేదు. దూరదేశాలకు వెళ్లే బిడ్డలు ఈ సంగతిని మరువరాదు. తిరుగు ప్రయాణపు తేదీని తల్లిదండ్రులకు ఈ సన్నిధిలోనే చెప్పి వెళ్లడం మేలు.

ముచ్చింతల్ సమతామూర్తి

విమానాశ్రయానికి దగ్గరలోనే ఉన్న ముచ్చింతల్‌లో, చిన్న జీయర్ స్వామి ఆశ్రమ ప్రాంగణంలో, భగవద్రామానుజుల 216 అడుగుల పంచలోహ విగ్రహం విరాజిల్లుతోంది. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని నరేంద్ర మోదీ దీనిని జాతికి అంకితం చేశారు. చుట్టూ 108 దివ్యదేశాల ఆలయాల నమూనాలు ఉన్నాయి. రామానుజులు 120 ఏళ్లు జీవించారన్న సంప్రదాయాన్ని అనుసరించి లోపలి మందిరంలో 120 కిలోల బంగారు మూర్తిని నెలకొల్పారు.

గురువు రహస్యంగా ఉపదేశించిన మంత్రాన్ని రామానుజులు తిరుక్కోట్టియూరులో గోపురమెక్కి అందరికీ వినిపించారని గురుపరంపర చెబుతుంది. ఇందరు తరిస్తే తానొక్కడు నరకానికి పోయినా ఫరవాలేదన్నారట! పరాయి గడ్డపై రంగును బట్టి, యాసను బట్టి తనను తక్కువ చేసి చూసే వారు ఎదురుపడినప్పుడు, మన బిడ్డకు ఈ సమతాసూత్రం ధైర్యమిస్తుంది. ఇతరులను తాను తక్కువగా చూడకుండానూ అదే కాపాడుతుంది.

చిలుకూరు బాలాజీ

ఉస్మాన్‌సాగర్ జలాశయ తీరాన వెలసిన చిలుకూరు వేంకటేశ్వరునికి ‘వీసా బాలాజీ’ అని పేరు. ఇక్కడ హుండీ లేదు. ధనికులకు వేరే వరుసా లేదు. కోరిక విన్నవించుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది నెరవేరాక 108 ప్రదక్షిణలు చేయడం ఆచారం. వీసా చేతికందిన వారు మొక్కు తీర్చుకోవడాన్ని ప్రయాణం రోజుకు వాయిదా వేసుకోరాదు. 108 ప్రదక్షిణలకు గంటలు పడుతుంది, రద్దీ నాడు మరింత ఆలస్యమవుతుంది. రెండు మూడు రోజుల ముందే ముగించుకోవడం శ్రేయస్కరం.

కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు కూడా కులమతాలకు అతీతంగా జనం తరలివస్తారు. మొక్కులు చెల్లించి, కందూరు చేసి, బంధువులతో కలిసి భుజిస్తారు.

ఆకలిదప్పులు తీర్చేవి

శంషాబాద్ కూడలిలోనూ, బెంగళూరు రహదారి పొడవునా ఇడ్లీ, దోసె, భోజనం దొరికే హోటళ్లకు, తేనీటి దుకాణాలకు కొదవ లేదు. ముచ్చింతల్ ప్రాంగణంలో శాకాహారం లభిస్తుంది. ఎండాకాలంలో తాటి ముంజలు, దసరా, దీపావళి రోజులలో సీతాఫలాలు దారి పక్కన గంపలలో అమ్మకానికి వస్తాయి. ఇదే రహదారిలో షాద్‌నగర్ ఆవల ఉన్న బాలానగర్ సీతాఫలానికి పెట్టింది పేరు.

శ్రీరామనవమి నాడు వెళితే పానకం, వడపప్పు స్వీకరించండి. అయితే ఒక్క మాట. విదేశీ ప్రయాణంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రలో ద్రవ పదార్థాలను సాధారణంగా అనుమతించరు. తాజా పండ్లను అమెరికా వంటి దేశాలు తమ గడ్డపైకి రానివ్వవు. కాబట్టి తీర్థాన్ని సన్నిధిలోనే పుచ్చుకోవాలి, సీతాఫలాన్ని అమ్మ ఒలిచి ఇస్తుండగా ఇక్కడే తినాలి. వెంట తీసుకుపోలేనిది కనుకనే దాని విలువ అధికం!

ఎలా వెళ్లాలి?

నగరం నుంచి శంషాబాద్‌కు బస్సులు విరివిగా ఉన్నాయి. అక్కడి నుంచి అమ్మపల్లికి ఆటోలో చేరవచ్చు. చిలుకూరుకు మెహిదీపట్నం నుంచి బస్సులున్నాయి. శంషాబాద్ నుంచైతే ఔటర్ రింగు రోడ్డు మీదుగా కారులో వెళ్లడం సులువు. ముచ్చింతల్‌లో ప్రవేశ రుసుము ఉంది, వేళలను ముందుగా విచారించుకోండి. ప్రయాణం నాడైతే అమ్మపల్లి ఒక్కటీ చాలు. విదేశీ విమానానికి కనీసం మూడు గంటల ముందే ద్వారం చేరాలన్నది మరువకండి. పెద్దలకు పాదాభివందనం అక్కడి తొక్కిసలాటలో కాక, కోనేటి మెట్ల మీద తీరికగా చేసుకోండి. శుభమస్తు!